నెత్తిన పుస్తకాల తట్ట

దసరా సెలవుల్లో నాలుగు రోజులు మా అక్కయ్య కూతురి ఇంట ఉండి వద్దామని హైదరాబాదు వెళ్లాను. హైదరాబాదంటే చార్మినారూ, అఫ్జల్‌గంజూ, సుల్తాన్ బజారూ అనుకునేరు. అది కాదు. మాధాపూరు దాటి కొండాపూరు వెళ్లే దారిలో, మెడ వెనక్కి వాల్చి చూస్తేగాని పైకొస కనబడని మేడ ఒకటి ఉంది. అందులో పంతొమ్మిదో అంతస్తు. వాళ్ల వసారాలో నిలబడితే హైటెక్ సిటీ అంతా గాజుల దుకాణంలా మెరుస్తూ కనబడుతుంది. 1998 నవంబరులో అప్పటి ప్రధానమంత్రి వాజపేయిగారు సైబర్ టవర్సును ప్రారంభించిన రోజున ఆ గుండ్రటి భవనం చుట్టూ ఎటు చూసినా బండరాళ్లే. ఇప్పుడు ఇంతలేసి మేడల మధ్య ఆ భవనాన్నే వెతుక్కోవలసి వచ్చింది.

ఆ సాయంకాలం వాళ్ల వంటావిడ రాలేదు. "మీరేమీ అనుకోకండి మామయ్యా, అరగంటలో తెప్పిస్తాను" అని మా మేనకోడలు ఫోనుమీద వేలు అటూ ఇటూ జరిపింది. అన్నట్టే అరగంట తిరగకుండా తలుపు గంట మ్రోగింది. దగ్గరున్నది నేనే కనుక వెళ్లి తీశాను. వీపుమీద చదరపు పెట్టెలాంటి సంచీ, నెత్తిన హెల్మెట్టు, చేతిలో పొట్లాలూ పట్టుకొని ఒక కుర్రవాడు నిలబడి ఉన్నాడు. పొట్లం అందించబోయి చెయ్యి ఆపేశాడు.

"సార్! మీరా? గుర్తువట్టిన్రా?"

హెల్మెట్టు తీసిన తరువాతగాని పోల్చుకోలేకపోయాను. నాలుగేళ్ల క్రిందట మా కాలేజీలో బి. ఏ. చదివాడు. చివరి బెంచీ మనిషి. మార్కులు అంతంత మాత్రమే; కాని పాఠం చెబుతున్నంతసేపూ కళ్లు ఆర్పకుండా వినేవాడు. "ఇక్కడేం చేస్తున్నావయ్యా?" అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. ఏం చేస్తున్నాడో కనబడుతూనే ఉంది కదా!

"లోపలికి రావయ్యా, మంచినీళ్లు త్రాగి వెళ్దువుగాని" అన్నాను.

"వద్దు సార్, ఇంకో ఆర్డరున్నది. పైంగ మా లిఫ్టు వేరే. అది వచ్చేసరికే పది నిమిషాలు పడ్తది" అన్నాడు. నాలుగడుగులు వేసి మళ్లీ వెనక్కి తిరిగి నవ్వాడు. "మీరు చెప్పిన్రు గద సార్, ఆళ్వారుస్వామి నెత్తిన తట్ట పెట్టుకున్నడని. నేను వీపున పెట్టుకున్న. గంతే తేడా."

ఆ మాట విసిరి వెళ్లిపోయాడు. నేను పొట్లం పట్టుకొని గుమ్మంలోనే ఉండిపోయాను. ఆ పాఠం నేను ఎలా చెప్పానో నాకు తెలుసు. సిలబసులో ఆధునిక నవల అని ఒక అధ్యాయం ఉంది. అందులో తెలంగాణా నవల అని ఒక పేరా ఉంది. పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న వస్తే వస్తుందని, గంట కొట్టేలోగా పది నిమిషాలలో ముగించాను. ఆ పది నిమిషాలలోంచి ఈ కుర్రవాడు ఒక తట్టను తీసుకొని ఇంతదూరం మోసుకొచ్చాడు!

భోజనాల దగ్గర మేనకోడలు అడిగింది: "ఎవరు మామయ్యా ఆ ఆళ్వారుస్వామి? ఆళ్వార్లు పన్నెండుమందే కదా?"

పిల్ల తెలివైనది. ధనుర్మాసంలో తిరుప్పావై తడుముకోకుండా చదువుతుంది. ఇంజనీరింగులో బంగారు పతకం వచ్చింది. అయితే ఈ పదమూడో ఆళ్వారు సంగతి ఆమెకు బడిలో గాని, ఇంట్లో గాని చెప్పినవాళ్లు లేరు. అందులో నా తప్పూ ఉంది. ఆ రాత్రి ఆమెకు చెప్పినదే ఇక్కడ వ్రాస్తున్నాను. అప్పుడు గుర్తురాక వదిలేసినది కూడా కొంత కలుపుతున్నాను.

విస్తరి వేసిన పిల్లవాడు

వట్టికోట ఆళ్వారుస్వామి 1915 నవంబరు 1న నల్లగొండ జిల్లా, నకిరేకల్లు ప్రాంతంలోని చెరువు మాదారంలో పుట్టారు. వైష్ణవ కుటుంబం, పేరే చెబుతున్నది. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. ఇల్లు గడవడం కష్టమైంది. చదువుకోవాలన్న కోరిక మాత్రం ఆ పిల్లవాడిని వదలలేదు. చివరకు ఒక ఉపాధ్యాయుని ఇంట వంట చేసి పెడుతూ, ఆయన దగ్గరే అక్షరాలు నేర్చుకున్నాడు.

వారాలు చేసుకొని చదువుకున్న పెద్దమనుషుల కథలు మన ఇళ్లలో ఎన్నో విన్నాం. ఇది ఆ కథ కాదు. వారాల పిల్లవాడు ఎంత పేదవాడైనా ఆ పూటకు అతిథే. విస్తరి ముందు కూర్చుంటాడు. ఈ పిల్లవాడు విస్తరి వేసి, వడ్డించి, అందరూ లేచిన తరువాత ఎత్తినవాడు. పొయ్యి ఆరిన తరువాత మిగిలిన చీకటిలో చదువుకున్నాడు. ఆ తరువాత కొంతకాలం విజయవాడలో హోటలులో సర్వరు పని కూడా చేశాడు. ఆళ్వారుస్వామి పుస్తకాలు చదివేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోవాలి. పేదల గురించి వ్రాసిన రచయితలు మనకు చాలామంది ఉన్నారు. యజమాని భోజనం చేస్తుంటే ప్రక్కన నిలబడి మజ్జిగ కోసం పిలుస్తాడా, నెయ్యి కోసం పిలుస్తాడా అని కనిపెట్టుకొని ఉన్నవాడు వ్రాస్తే ఎలా ఉంటుందో ఈయన దగ్గరే చూడాలి.

అక్కడినుంచి హైదరాబాదు చేరి గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దే పనిలో కుదిరారు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో స్థాపించిన పత్రిక అది. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులే లేరని ఎవరో అంటే, 1934లో మూడువందల యాభైనాలుగుమంది కవులను ఒక్క సంచికలో చూపించి నోరు మూయించిన పత్రిక. ప్రూఫులు దిద్దే ఉద్యోగం గొప్పది కాదు. జీతమూ గొప్పది కాదు. అయితే ఇరవయ్యేళ్లుగా తెలుగు చెప్పి బ్రతుకుతున్నవాడిగా ఒకమాట అంటాను: ఒకరి వాక్యంలో తప్పు ఎక్కడుందో రోజూ రాత్రి ఒంటిగంటదాకా వెతికినవాడికి భాష వచ్చినట్టు, మా క్లాసులో వ్యాకరణం వల్లించినవాడికి రాదు. ఆళ్వారుస్వామికి కాలేజీ అంటూ ఉంటే ఆ ప్రెస్సే ఆయన కాలేజీ.

అక్షరమే రాజకీయం

ఇక్కడ మా మేనకోడలు ఒక చిక్కు ప్రశ్న వేసింది. "పుస్తకాలు అమ్ముకున్న ఆయనను విప్లవ రచయిత అంటారేం మామయ్యా? విప్లవమంటే తుపాకీ కదా?"

దానికి సమాధానం కావాలంటే ఆనాటి హైదరాబాదు రాష్ట్రం ఎలా ఉండేదో తెలియాలి. ప్రజలలో తెలుగువారే అందరికన్నా ఎక్కువ. కచేరీ భాష ఉర్దూ. పై చదువు ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన అంతా ఉర్దూలోనే. ఒక భారతీయ భాషలో అంత ఉన్నత విద్య నేర్పడం గొప్ప సంగతే. దానిని నేను తక్కువ చేయను. కాని పల్లెలోని తెలుగు పిల్లవాడికి ఆ గొప్పతనం అందేది కాదు. నూటికి పదిమందికైనా చదవడం వచ్చేది కాదు. సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ 53 క్రింద సర్కారు అనుమతి తెచ్చుకోవాలి. పల్లెల్లో దేశముఖులు, జాగీర్దార్లు, వారి గడీలు. నగరం చుట్టూ ఉన్న అత్రాఫ్-బల్దా జిల్లా నిజాము సొంత ఖాతా. గడీకి వెట్టి చేయవలసిన కులాలు చేయవలసిందే. కట్టిన పన్నుకు రసీదులో ఏం వ్రాశారో చదవలేనివాడు రెండోసారి కట్టేవాడు.

అటువంటి చోట చదవడం నేర్పితే ఏమవుతుంది? రసీదు చదువుతాడు. రసీదు చదివినవాడు, "ఇది నిరుడే కట్టాను గదా దొరా" అంటాడు. ఆ ఒక్క మాట చాలు, గడీ గోడ బీటలు వారడానికి. అందుకనే ఆ రోజుల్లో తెలంగాణాలో గ్రంథాలయం పెట్టడం, పత్రిక తెప్పించుకోవడం రాజకీయ కార్యాలే అయినాయి. 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం పెట్టిన పెద్దలు మొదలుకొని, 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిపినవారి వరకూ పుస్తకాన్నే ముందు పెట్టుకొని నడిచారు.

ఆళ్వారుస్వామి ఆ దారిలోనే వచ్చి, ఒక అడుగు ముందుకు వేశారు. గ్రంథాలయానికి రాలేనివాడి సంగతేమిటి అని ఆలోచించారు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించారు. దేశోద్ధారక అనగానే తెలుగువారికి స్ఫురించేది కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు. ఆయన కన్నుమూసినదీ ఆ యేడే. పంతులుగారికి అమృతాంజనం ఉంది, ఆంధ్రపత్రిక ఉంది. ఆళ్వారుస్వామికి ఏముంది? ఒక తట్ట ఉంది. వ్రాతప్రతి తెచ్చేదీ ఆయనే, ప్రూఫులు దిద్దేదీ ఆయనే, కాగితం అప్పు తెచ్చేదీ ఆయనే. అచ్చయిన పుస్తకాలు తట్టలో సర్దుకొని, నెత్తిన పెట్టుకొని, హైదరాబాదు, సికింద్రాబాదు వీధుల్లోనూ, పల్లెల్లోనూ ఇల్లిల్లూ తిరిగి అమ్మేదీ ఆయనే. ఇలా ముప్పైకి పైగా పుస్తకాలు తెచ్చారు. వాటిలో ఆయన సొంతవి బహు కొద్ది. కాళోజీ నారాయణరావుగారి 'నా గొడవ' 1953లో మొదట పుస్తకంగా వచ్చినది కూడా ఈ గ్రంథమాలనుంచే.

కూరగాయల తట్ట దిగితే పిలిచి బేరమాడతాం. పుస్తకాల తట్ట దిగితే ఎవరు పిలుస్తారు? పైగా చదువు రాని ఊరిలో! ఆ మనిషి ఎన్ని గుమ్మాలముందు నిలబడి ఎన్నిసార్లు "వద్దు ఫో" అనిపించుకున్నాడో ఆలోచిస్తే, తుపాకీ పట్టడం దానికన్నా తేలికేమో అనిపిస్తుంది. ఇది నా మాట. ఆయన ఎక్కడా ఇలా చెప్పుకోలేదు.

పండ్లు తోముకునే బొగ్గు

1942లో క్విట్ ఇండియా రోజుల్లో అరెస్టయి సుమారు ఒక యేడు జైలులో ఉన్నారు. తరువాత కమ్యూనిస్టు పార్టీలోకి వచ్చారు. సికింద్రాబాదులో కార్మిక సంఘాల పని చేశారు. 1946లో మళ్లీ పట్టుకున్నారు. ఈసారి విడుదల 1951లో.

ఈ రెండు సంవత్సరాలను కాస్త జాగ్రత్తగా చూడండి. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్యను దొర మనుషులు కాల్చి చంపారు. దానితో తెలంగాణా రైతాంగ పోరాటం భగ్గుమన్నది. 1951 అక్టోబరులో దానిని విరమించారు. అంటే ఆ సాయుధ పోరాటం నడిచిన కాలమంతా ఇంచుమించు ఈ విప్లవ రచయిత కటకటాల వెనకే ఉన్నారన్నమాట. ఇంకో విచిత్రం చూడండి. నడుమ 1948 సెప్టెంబరులో భారత సైన్యం వచ్చింది; రజాకార్ల ఆగడాలు అంతమయినాయి; నిజాము రాజ్యం పోయింది. నిజాము పెట్టిన ఖైదీ మాత్రం కమ్యూనిస్టు గనుక కొత్త ప్రభుత్వంలోనూ ఖైదీగానే ఉన్నాడు. రాజ్యం మారింది, కంబళి మారలేదు.

నిజామాబాదు కోటమీది జైలులో ఆయనకు తోడుగా ఒక కుర్ర కవి ఉండేవాడు. ఇరవై రెండు, ఇరవై మూడేళ్లవాడు, దాశరథి కృష్ణమాచార్యులు. కలం లేదు, కాగితం లేదు. పళ్లు తోముకోవడానికి బొగ్గు ఇచ్చేవారు. దాశరథి ఆ బొగ్గుతో జైలుగోడమీద నిజామును తిడుతూ పద్యాలు వ్రాసేవాడు. జైలువాళ్లు వచ్చి సున్నం కొట్టేవారు, కవిని శిక్షించేవారు. గోడమీద సున్నం పడేలోగా ఆ పద్యాలను నోటికి పట్టి దాచుకున్న మనిషి ఆళ్వారుస్వామి. ప్రింటింగు ప్రెస్సు లేనిచోట ఆ ప్రచురణకర్త తన బుర్రనే ప్రెస్సుగా చేసుకున్నాడు! 1949లో దాశరథి తన మొదటి పుస్తకం 'అగ్నిధార' అచ్చు వేసినప్పుడు దానిని ఆళ్వారుస్వామికే అంకితమిచ్చారు. దాశరథి తరువాత ఎంత పెద్ద కవి అయ్యారో, ఎన్ని సినిమా పాటలు వ్రాశారో మీకు నేను చెప్పనక్కరలేదు.

ఆ రోజుల్లో వ్రాతకు ఏపాటి వెల ఉండేదో తెలియాలంటే షోయబుల్లాఖాను పేరు ఒక్కటి చాలు. 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు. రజాకార్లకు వ్యతిరేకంగా, భారతదేశంలో కలవాలని వ్రాసినందుకు 1948 ఆగస్టులో ఒక రాత్రి పత్రిక పని ముగించుకొని ఇంటికి వస్తుంటే కాచిగూడ దగ్గర చంపేశారు. ముప్పయ్యేళ్లు కూడా నిండని వయసు. ఆళ్వారుస్వామికి జైలే ఒకవిధంగా రక్ష అయిందేమో!

జైలులో ఆయన ఊరికే కూర్చోలేదు. రాజకీయ ఖైదీలు సాధారణంగా తమలో తాము వాదించుకుంటారు. దొంగల, హంతకుల వంక చూడరు. ఈయన వాళ్లతోనే కూర్చున్నారు. ఎందుకు దొంగతనం చేశావు, ఇంట్లో ఎవరున్నారు, పిల్లలు ఎలా ఉన్నారు అని అడిగి తెలుసుకున్నారు. వాటినుంచి పుట్టినవే 'జైలు లోపల' కథలు. నేరం చేసినవాడి ప్రక్కన కూర్చొని, వాడిని అక్కడికి తెచ్చిన పరిస్థితులను చూపించడమే ఆ కథల పని. వాటిలో కొసమెరుపులు ఉండవు, వర్ణనలు ఉండవు. ఒక మనిషి చెప్పుకుంటున్నాడు, ఇంకో మనిషి వింటున్నాడు, అంతే. నన్నడిగితే ఆయన నవలల కన్నా ఈ కథలే మంచివంటాను. మా శాఖలో మిత్రులు ఒప్పుకోరు.

తెలంగాణా నవల

1955లో 'ప్రజల మనిషి' వచ్చింది. తెలంగాణా బ్రతుకును తెలంగాణా మనిషి నవలగా వ్రాసినది అదే మొదలని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. దిమ్మెగూడెం అనే పల్లె, రామభూపాలరావు అనే దేశముఖు, అతనికి ఎదురు తిరిగే కంఠీరవం. వెట్టి, భూములు కాజేయడం, మతం మార్పిడుల గొడవ, ఆంధ్ర మహాసభ వెలుగు పల్లెలోకి ప్రాకడం, ఇవన్నీ అందులో ఉన్నాయి.

లోపాలు లేవా? ఉన్నాయి. కంఠీరవం మరీ మంచివాడు. అతనికి ఒక్క దురలవాటైనా ఉంటే బాగుండునని చదివినప్పుడల్లా అనుకుంటాను. కొన్ని పేజీలలో పాత్రలు మాట్లాడుకోవడం మాని ఉపన్యాసాలు ఇచ్చుకుంటాయి. నా బోటి మాష్టరు ఎర్ర కలం పట్టుకుంటే చాలా గీతలు గీయవచ్చు. కాని దొర ఇంట్లో పని జరిగే తీరు వచ్చినప్పుడు నా కలం ఆగిపోతుంది. ఎవరు ఎక్కడ నిలబడతారు, ఎవరు ఎవరిని ఏమని పిలుస్తారు, చెప్పులు ఎక్కడ విడుస్తారు, పిలుపు వినబడగానే ఒంట్లో ఏమవుతుంది, ఇదంతా పరిశోధన చేసి వ్రాయగలిగేది కాదు. వంటింటి గుమ్మంలోంచి చూసినవాడికే తెలుస్తుంది.

ఈ మాట చెబుతుండగా మా మేనకోడలు కాస్త సర్దుకొని కూర్చున్నది. "ఆ లిఫ్టు సంగతి మనసులో పెట్టుకొని అంటున్నారా మామయ్యా? అది సెక్యూరిటీ కోసం. అన్నిచోట్లా అంతే" అన్నది.

"నేనేమీ అనలేదమ్మా" అన్నాను. నిజానికి అనలేదు. మా ఊళ్లో మా ఇంటికి పాలుపోసే మనిషి ముప్పయ్యేళ్లుగా పెరటి గుమ్మంలోంచే వస్తున్నాడు. నాకు ఆ గుమ్మం ఎన్నడూ కనబడలేదు. ఈ లిఫ్టు మాత్రం కనబడింది.

ఆయన ఆలోచన ఒక నవలతో ఆగేది కాదు. నిజాం రాజ్యంలోని ప్రజల బ్రతుకు ఎట్లా మేల్కొన్నదో, ఎట్లా తిరగబడిందో వరుసగా నవలల్లో చెప్పాలనుకున్నారు. 'ప్రజల మనిషి'లో మొదటి కాలం అయింది. ఆ తరువాతి కాలానికి 'గంగు' మొదలుపెట్టారు. ఈసారి కథకు నడుమ నిలబడేది ఆడపిల్ల. పూర్తి చేయలేకపోయారు. 1961 ఫిబ్రవరి 5న కన్నుమూశారు. నలభై అయిదేళ్లు. నా వయస్సే! 'గంగు' అసంపూర్ణంగానే, ఆయన పోయిన తరువాత 1965లో అచ్చయింది.

నలభై అయిదేళ్లలో జైలులోనే సుమారు ఆరేళ్లు. మిగిలినదాంట్లో పెద్ద భాగం ఇతరుల పుస్తకాలు మోయడానికి సరిపోయింది. సొంత వ్రాత వంతు చివరికి వచ్చింది. ఆ సమయమంతా ఒక గదిలో కూర్చొని వ్రాసుకొని ఉంటే ఇంకో నాలుగు మంచి నవలలు వ్రాసేవారు గదా అని ఒకప్పుడు నాకు కష్టంగా ఉండేది. ఇప్పుడు అంత తేల్చి చెప్పలేను. చదివేవాడు లేనిచోట వ్రాసినది ఎవరికి? ఆయన ముందు పాఠకుణ్ణి తయారుచేసుకొని, ఆ తరువాత కలం పట్టారు.

ఆగిపోయిన నవలను తన పనిగా తీసుకున్నవాడు మళ్లీ ఆ దాశరథి ఇంటివాడే. కృష్ణమాచార్యుల తమ్ముడు దాశరథి రంగాచార్యులు, తాను కూడా ఆ పోరాటంలో పాల్గొన్న మనిషి. ఆళ్వారుస్వామి తలపెట్టి ముగించలేనిదాన్ని కొనసాగిస్తున్నానని చెప్పుకొని మరీ 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు', 'జనపదం' వ్రాశారు. 'చిల్లర దేవుళ్లు' సినిమాగా కూడా వచ్చింది. ఆ సినిమా చూసి ఏడ్చిన మా నాయనమ్మకు దాని వెనుక ఒక పుస్తకాల తట్ట ఉందని తెలియదు.

కోఠీ ప్రయాణం

మరునాడు పొద్దున్నే హైటెక్ సిటీ స్టేషనులో మెట్రో ఎక్కాను. బండి నిండా మెడలో పట్టీలూ, చెవుల్లో తీగలూ ఉన్న పిల్లలు. ఒక్కరి ముఖాన నిద్ర పూర్తిగా తేరలేదు. చాలామంది చేతిలోని ఫోనులో ఏదో చదువుతూనే ఉన్నారు. ఏమిటో తొంగి చూడడం మర్యాద కాదు గనుక చూడలేదు. అమీర్‌పేటలో బండి మారి ఉస్మానియా మెడికల్ కాలేజీ దగ్గర దిగాను. భాషానిలయం వైపు ఒకసారి నడిచి, కోఠీలో పుస్తకాల దుకాణాలు పట్టుకున్నాను. మూడో దుకాణంలో 'ప్రజల మనిషి' దొరికింది. 'గంగు' కోసం గుమాస్తా నిచ్చెన వేసి పైఅర వెతికాడు. దుమ్ము దులిపి ఇచ్చి, "ఎవరికి సార్, ఎం. ఏ. పిల్లలకా?" అని అడిగాడు. "కాదయ్యా, అన్నం తెచ్చే పిల్లవాడికి" అంటే అర్థంకాక నవ్వాడు.

ఆ కుర్రవాడి ఫోను నంబరు మా మేనకోడలి దగ్గర లేదట. పని అయిపోగానే ఆ నంబరు కనబడకుండా పోతుందట. అది ఒక పద్ధతి కాబోలు. చివరకు మా కాలేజీలో అతనితో చదివినవాళ్లను నలుగురిని అడిగి పట్టుకున్నాను. రాత్రి పదకొండు దాటాక వచ్చాడు. పైకి రాలేదు, నేనే క్రిందికి దిగాను. గేటు ప్రక్కన బండిమీద కూర్చొని మాట్లాడుకున్నాం. గచ్చిబౌలి దగ్గర ఒక గదిలో అయిదుగురు ఉంటున్నారు. గ్రూపు పరీక్షలకు చదువుతున్నాడు. వానాకాలం గిరాకీ ఎక్కువ, ప్రమాదాలూ ఎక్కువ. నాన్నకు మాత్రం హైటెక్ సిటీలో కొలువని చెప్పాడు.

"అబద్ధం కాదు గద సార్?" అన్నాడు.

నాకు సమాధానం తోచలేదు. పుస్తకాలు చేతికిచ్చాను. సంచీ తెరిచి, అన్నం పొట్లాలు పెట్టే చోట వాటిని జాగ్రత్తగా, తడి తగలకుండా, ఒక ప్రక్కగా సర్దాడు. ఆ సర్దడం చూసి నాకు మళ్లీ ఆ తట్టే జ్ఞాపకం వచ్చింది, పైకి అనలేదు.

నేను మా ఊరికి తిరిగి వచ్చిన మూడో వారంలో ఒకనాటి రాత్రి ఫోను మ్రోగింది. రోడ్డుమీది హోరు, ప్రెషరు కుక్కరు కూతలు వినబడుతున్నాయి. ఏదో హోటలు ముందు ఆర్డరు కోసం ఎదురు చూస్తున్నట్టున్నాడు.

"సార్, గంగు అయిపోయింది. ఆఖరు పేజీలు చిరిగిపోయినయా ఏంది? తర్వాత ఏమైంది సార్?"

"చిరగలేదయ్యా. ఆయన అంతవరకే వ్రాశాడు."

"మరి?"

"తరువాతది ఇంకొకాయన వ్రాశాడు. రంగాచార్యులుగారని. పంపిస్తాను. నీ గది చిరునామా చెప్పు, వ్రాసుకుంటాను."